పెదాల మధ్య గుండుసూదులు

మంగళవారం పొద్దున్న ఏడున్నరకి టైలరమ్మ ఎవరింటి కర్టెన్‌కో అంచు మడుస్తూ మిషను ముందు కూర్చుని ఉంది. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు బిగించి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఆమె భర్త గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"వం... వంటింట్లో కుళాయికి వా... వాషరు మార్చేశా. ఇంక కా... కారదు."

ఆమె "ఊఁ" అంది. నోట్లో సూదులుంటే అంతకన్నా ఏమంటారు? ఈ మనిషికిదో అలవాటు. చెప్పదలుచుకున్నదేదో సూదులు నోట్లో పెట్టుకున్నప్పుడే వచ్చి చెబుతాడు. ఇరవైమూడేళ్ళుగా ఇదే వరస. తిరిగి ఒక మాట అనడానికి వీల్లేకుండా భలే సమయం చూసుకుంటాడని ఆమెకి ఒళ్ళు మండేది.

ఆయన కళ్ళద్దాల షాపులో వెనకగదిలో పనిచేస్తాడు. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం పని. చిన్నప్పటినుంచీ నత్తి. నోరు తెరిచాడంటే మొదటి అక్షరం దగ్గరే మెడనరాలు బిగిసిపోతాయి, కళ్ళు మూతలు పడతాయి. వీధిలో అందరూ ఆయన్ని నెమ్మదయ్య అంటారు. పెళ్ళయిన మొదటి నెలలోనే టైలరమ్మ ఆయన బదులు మాట్లాడే బాధ్యత తన నెత్తిన వేసుకుంది. డాక్టరు దగ్గర, ఇంటి ఓనరు దగ్గర, ఫోన్లో, బడిలో, ఎక్కడైనా ఆయన ఒక్క అక్షరం అంటే చాలు, మిగతాది ఆమె అందుకునేది. "మా ఆయన మాట నా నోట్లోనే ఉంటుంది" అని నలుగురిలో గర్వంగా చెప్పుకునేది కూడా.

టిఫిను దగ్గర కూతురు బుల్లి సీటొచ్చిందన్న ఉత్తరం మళ్ళీ తీసింది. బుల్లికి ఇరవైరెండేళ్ళు. క్లినిక్‌లో చీటీలు రాసే ఉద్యోగం. కృత్రిమ కాళ్ళూ చేతులూ తయారుచేయడం నేర్చుకోవాలని పిచ్చి ఆశ. ఆ శిక్షణ ఇచ్చే ఊరు తొమ్మిది గంటల ప్రయాణం. మూడేళ్ళ కిందట ఒకసారి సీటొచ్చి చేజారింది. ఇప్పుడు రెండోసారి వచ్చింది.

"సోమవారంలోగా వస్తానో రానో చెప్పాలి నాన్నా. నీ మాటేంటి?"

నెమ్మదయ్య గ్లాసు కిందపెట్టాడు. "ను... ను..." అంటూ ఆగిపోయాడు. దవడ బిగుసుకుంది. నుదుటి మీద చెమట.

"పాపం, ఎందుకే ఆయన్ని అలా ఇబ్బంది పెడతావ్?" అంది టైలరమ్మ. "ఆ ముఖం చూస్తే తెలీట్లా? ఇష్టం లేదు. పోయినసారీ లేదు, ఇప్పుడూ లేదు. అంత దూరం ఒక్కదాన్నే ఎలా పంపుతారు?"

బుల్లి తండ్రి వంక చూసింది. ఆయన తల దించుకున్నాడు. బుల్లి ఉత్తరం మడిచి బ్యాగులో పెట్టుకుని, సగం తిన్న ప్లేటు అలాగే వదిలేసి వెళ్ళిపోయింది.

అసలు కథ మొదలైంది మర్నాడు. నెమ్మదయ్య బట్టలు ఆరేసి వస్తానని డాబా మీదికి వెళ్ళి అరగంటయినా దిగలేదు. మూడు చొక్కాలు ఆరేయడానికి అరగంటా? టైలరమ్మ చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా మెట్లెక్కింది. సగం మెట్ల దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

పైన రెండు గొంతులు. ఒకటి ఎవరో ఆడమనిషిది. రెండోది ఆమె మొగుడిది! ఇద్దరూ ఒకే మాట, ఒకేసారి, ఊపిరి కలిపి చెబుతున్నారు. తడబాటు లేదు, ఆగడం లేదు. ఎక్కడా ముడి పడకుండా దారపు ఉండ దొర్లినట్టు ఆయన గొంతు గడగడా సాగిపోతోంది.

ఆమె పైకి వచ్చేసరికి ఆయన ఉలిక్కిపడి ఫోను జేబులో తోసేశాడు.

"ఎవరితో మాట్లాడుతున్నారు?"

"రే... రే... రే..."

"రేడియోనా?"

ఆయన ఒక్క క్షణం ఆగి తలూపాడు. తేలు కుట్టిన దొంగలా బకెట్టు పట్టుకుని కిందికి దిగిపోయాడు. రేడియోలో ఆడమనిషి మాట్లాడితే మాట్లాడింది, ఆమె గొంతులో గొంతు కలిపి ఈయన ఎందుకు మాట్లాడాలి? టైలరమ్మ ఆ రోజు కుట్టిన జేబు రెండుసార్లు తిరగబడింది.

గురువారం బ్రెడ్డు షాపావిడ ఇంకాస్త ఆజ్యం పోసింది. "మీ ఆయనకేమైనా అయిందా టైలరమ్మా?" అంది, కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి.

"ఏం? బానే ఉన్నారే."

"ఎప్పుడూ వేలు పెట్టి చూపించి పట్టుకుపోయే మనిషా! నిన్న నా ఎదురుగా నిలబడి బ్రె... బ్రె... బ్రె... అని ఒకటే సాగదీశారు. నాకే జాలేసి, పర్లేదండీ అన్నా. అప్పుడేమన్నారో తెలుసా? కావాలనే అలా అన్నానండీ అన్నారు. నవ్వుతూ!"

"కావాలనా?"

"నా చెవులారా విన్నానమ్మా. నాకెందుకు అబద్ధం?"

ఇంటికి వచ్చే దారంతా ఆ మాటే చెవుల్లో గింగురుమంది. కావాలని. అంటే వద్దనుకుంటే రాదన్నమాట! మరి ఇన్నేళ్ళూ? డాబా మీద అంత చక్కగా మాట్లాడిన మనిషి, బ్రెడ్డు షాపులో కావాలని నత్తి తెచ్చుకునే మనిషి, తన ముందు మాత్రం చెమటలు కక్కుతూ నిలబడతాడెందుకు?

శనివారం కళ్ళద్దాల షాపు ఓనరు భార్య కర్టెన్లు తీసుకోవడానికి వచ్చింది. మాటల్లో మాటగా టైలరమ్మ నిష్ఠూరమాడింది. "మీవారు మరీను. ఆదివారం కూడా పనంటే ఎలా అండీ? ఆరువారాలైంది ఆయన ఆదివారం ఇంట్లో ఉండి."

ఓనరు భార్య కర్టెన్ మడత మధ్యలో ఆపేసింది. "ఆదివారం షాపెక్కడమ్మా? పద్నాలుగేళ్ళనుంచీ ఆదివారం తాళమే."

ఎదుటి మనిషి ముఖంలో జాలి కనిపించేసరికి టైలరమ్మ కుంగిపోయింది. "అవునవును, నేనే ఏదో పరాకులో అన్నా" అని నవ్వేసి సాగనంపింది. తలుపు వేశాక మాత్రం మిషను మీద తల పెట్టుకుని కూర్చుండిపోయింది.

మర్నాడు పదింటికి ఆయన శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. "వ... వ..." అన్నాడు గుమ్మం దగ్గర.

"వస్తారు, ఒంటిగంటకి. తెలుసు. వెళ్ళిరండి," అంది ఆమె, పళ్ళ బిగువున.

ఆయన మలుపు తిరగ్గానే ఆమె తాళం వేసి వెనకే బయల్దేరింది. నలభై ఆరేళ్ళ వయసులో మొగుడి వెనక దొంగచాటుగా నడవాల్సి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. పోస్టాఫీసు దాటి, సైకిళ్ళ షాపు పక్కనున్న ఇరుకు మెట్లు ఎక్కాడాయన. ఆమె రెండు నిమిషాలాగి ఎక్కింది. పైన తలుపు ఓరగా తీసి ఉంది.

గదిలో గుండ్రంగా పది కుర్చీలు. ఆడా మగా అంతా కూర్చుని ఉన్నారు. మధ్యలో నెమ్మదయ్య, పక్కనే పొట్టిజుట్టు ఆవిడ. ఇద్దరూ ఒకే పేపరు చెరో కొస పట్టుకుని, భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడి చదువుతున్నారు. డాబా మీద విన్న ఆ రెండు గొంతులే! ఇరవైమూడేళ్ళలో ఆయన నోట ఇంత పొడుగు వాక్యం ఆమె ఒక్కటీ వినలేదు. వినసొంపుగా ఉంది కూడా. అదే ఆమెకి భరించరానిదైంది.

"ఇప్పుడు మీరొక్కరే," అంది పొట్టిజుట్టావిడ. "ప్రతి మూడో మాట దగ్గర కావాలని తడబడండి. గట్టిగా. సిగ్గుపడకుండా."

ఆయన తడబడ్డాడు. కావాలనే. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన తల వెనక్కి వాల్చి పకపకా నవ్వాడు. ఇంట్లో అలా నవ్వి ఎన్నేళ్ళయిందో!

ఆమె మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలీదు. ఇంటికి ఎలా చేరిందో అంతకన్నా తెలీదు. నాటకం! ఇన్నేళ్ళూ నాటకం! ఇంటి ఓనరుతో గొడవలు తను పడాలి, ఆసుపత్రిలో బతిమాలుకోవడం తను చేయాలి, ఫోన్లన్నీ తను ఎత్తాలి, గయ్యాళి అన్న పేరు తను మోయాలి. ఆయన మాత్రం పాపం నత్తి మనిషి! నోరున్న పనిమనిషిని చేశాడు తనని. పైగా ఆ పొట్టిజుట్టుతో భుజాలు రాసుకుంటూ పేపరు చదవడం ఒకటి.

ఒంటిగంటకి ఆయన వచ్చేసరికి బుల్లి ముందుగదిలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. టైలరమ్మ బల్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో గుండుసూదులు గుచ్చిన దిండు.

"షాపులో పని బాగా సాగిందా?" అంది.

"షా..."

"ఆఁ, షాపులో జనం ఎక్కువా? ఉంటారు మరి, ఆదివారం కదా! అద్దాలు బాగా అరిగాయా? అరిగే ఉంటాయి, ఆ రుద్దుడుకి!"

"నే... నే..."

"నేను చెప్తా వినండి. మీరు సైకిళ్ళ షాపు మేడ మీద ఉన్నారు. నా కళ్ళారా చూశా. ఎవరావిడ? ఏం, పేరు చెప్పడానికి నోరు రావట్లేదా? ఆమెతో అయితే గడగడా వస్తుందే! నా దగ్గరే ఎందుకు రాదు? నన్ను చాకిరీకి వాడుకోవచ్చనే కదా? అవునంటారు. అవుననక ఏమంటారు! ఇష్టం లేకపోతే ఆనాడే చెప్పాల్సింది. చెప్పలేదేం? భయం. భయమే అంటారు, నాకు తెలుసు!"

"అమ్మా!" అంది బుల్లి, చేతిలో తువ్వాలు కిందపడేసి. "అడిగేదీ నువ్వే, జవాబు చెప్పేదీ నువ్వే. ఈ గొడవలో నాన్న ఎక్కడున్నాడు?"

టైలరమ్మ గిర్రున కూతురి వైపు తిరిగింది. ఆ సందులో నెమ్మదయ్య ఎన్నడూ చేయని పని చేశాడు. అరచెయ్యి ఎత్తి ఆమె ముందు పెట్టాడు.

"ఆ... ఆ... ఆగు."

ఆమె ఆగింది, కోపం తగ్గి కాదు, ఆశ్చర్యం పట్టలేక.

ఆ తరవాత ఆయన మాట్లాడాడు. ఎలా మాట్లాడాడో అలాగే రాస్తే కాగితాలు చాలవు. మధ్యలో ఆగినవీ, వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలైనవీ మీరే ఊహించుకోండి. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఈసారి ఆయన కళ్ళు మూసుకోలేదు.

"ఆదివారం షాపుందని నీకెవరు చెప్పారు?"

"మీరే!"

"నేనా?"

ఆమె ఠక్కున సమాధానం చెప్పబోయింది. అంతలో ఆరువారాల కిందటి శనివారం కళ్ళ ముందు కదిలింది. తను పొయ్యి దగ్గర ఉంది. ఆయన వచ్చి "ఆ... ఆదివారం నే... నేను..." అన్నాడు. పాలు పొంగుతున్నాయి. "ఆదివారం కూడా షాపుకి రమ్మన్నాడా ఆ ఓనరు? సరే, వెళ్ళిరండి, ఏం చేస్తాం" అంది తను. ఆయన కాసేపు నిలబడి తలూపి వెళ్ళిపోయాడు. షాపు అన్న మాట ఆయన నోటినుంచి రానేలేదు.

"కాదని చెప్పొచ్చు కదా!" అంది. గొంతులో పదును కొంచెం తగ్గింది.

"కాదని చెప్పడానికైనా మాటే కదా కావాలి."

బుల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"డాబా మీద, 'రేపు చెప్తా' అనబోయా. నువ్వు రేడియో అన్నావు. తేలిగ్గా ఉందని తలూపేశా. అది మాత్రం నా పిరికితనం. నాదే తప్పు." ఆయన కుర్చీ వీపు పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు చూసిన ఆవిడ మా టీచరమ్మ, ఆవిడకీ నత్తే. అక్కడ అందరికీ నత్తే. ఇంకొకరితో కలిసి చదివితే నాకు తడబాటు రాదు. పాడినా రాదు. ఒక్కణ్ణే మాట్లాడాల్సొస్తే వస్తుంది. ఎందుకని నన్నడక్కు, నాకూ తెలీదు."

"మరి కావాలని నత్తి తెచ్చుకోవడమేంటి? బ్రెడ్డు షాపులో?"

"దాచుకున్నకొద్దీ భయం పెరుగుతుందట. నా అంతట నేనే బయటపెడితే ఎవరు నవ్వుతారో, ఎవరు జాలిపడతారో చూసేస్తా. చూసేశాక అంత భయం ఉండదు. నత్తి పోతుందని ఎవరూ చెప్పలేదు. నత్తితోనే మాట పూర్తిచేయొచ్చని చెప్పారు."

"ఆ పూర్తిచేసేదేదో ఇంట్లోనే చేయొచ్చుగా? నాకు చెప్తే నేను నేర్పనా?"

నెమ్మదయ్య నవ్వాడు. పకపకా కాదు, దిగులుగా. "ఇంట్లో నాకు వాక్యం మిగలదే. నేను మొదలుపెడితే నువ్వు ముగిస్తావు. ఈ ఇంట్లో నేను చివరిదాకా చెప్పిన మాటలన్నీ..." ఆగాడు. ఆమె చేతిలోని దిండు వైపు చూపించాడు. "అవి నీ నోట్లో ఉన్నప్పుడు చెప్పినవే."

టైలరమ్మ దిండు వైపు చూసింది. కుళాయి వాషరు. బుల్లి పుట్టిన ఏడాది, "పాపకి నీ కళ్ళొచ్చాయి" అన్న మాట. తన తల్లి పోయినప్పుడు, "నాకూ ఆవిడంటే ఇష్టం" అన్న మాట. అన్నీ మిషను దగ్గరే. అన్నీ సూదులు పెదాల మధ్య ఉండగానే. సమయం చూసుకుని వస్తాడని తను విసుక్కుంది. అవును, సమయమే చూసుకున్నాడు. ఇంట్లో ఆయనకి దొరికిన సమయం అంతే మరి.

అప్పుడు బుల్లి చాలా మెల్లగా అడిగింది. "అమ్మా... మూడేళ్ళ కిందట నాన్నకి ఇష్టం లేదని చెప్పావే. అది నాన్న అన్నాడా, నువ్వన్నావా?"

టైలరమ్మకి గుర్తుంది. ఆ రోజూ అంతే. ఆయన దవడ బిగుసుకుని ఉంది. తను ముఖం చూసి తీర్పు చెప్పేసింది. బుల్లి ఆ వేళ గదిలో తలుపేసుకుని ఏడ్చింది. ఆ తరవాత మూడేళ్ళు తండ్రితో ముభావంగానే తిరిగింది. సంజాయిషీ చెప్పుకోవాలని ఆమెకి మాటలు గొంతుదాకా వచ్చాయి. నేను మంచికే అన్నానే, ఆయన అవస్థ చూడలేక అన్నానే. ఆ మాటలు ఆమె ఎంత గడగడా చెప్పగలదో ఆమెకి తెలుసు. ఒకసారి మొదలుపెడితే ఇంకెవరికీ సందు దొరకదని కూడా ఇప్పుడే తెలిసింది.

దిండులోంచి మూడు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకుంది. మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. మొగుడి వైపు చూసి, కూతురి వైపు చెయ్యి చూపించింది.

నెమ్మదయ్య బుల్లి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ను... ను... ను..."

మెడనరం బిగిసింది. ఫ్రిజ్ గుర్రుమంటోంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. టైలరమ్మ మనసులో వాక్యం తయారైపోయింది. నువ్వు వెళ్ళు. అంతే కదా, పాపం, చెప్పేస్తే పోలా? పెదాలు అదిరాయి. సూది మొన నాలుకకి తగిలింది.

"ను... నువ్వు వెళ్ళడం నాకిష్టం లేదు."

బుల్లి ముఖం పాలిపోయింది. టైలరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. ఆయన చెయ్యి ఎత్తాడు. అయిపోలేదని, ఇంకా ఉందని.

"అ... అప్పుడూ లేదు. ఇప్పుడూ లేదు. నువ్వు లేకపోతే ఇల్లు బో... బోసిపోతుంది. నీకేమైనా అయితే ఫో... ఫోన్లో అడగడానికి కూడా నాకు నోరు రాదేమోనని భయం. మీ అమ్మ ఆ రోజు చెప్పింది అబద్ధం కాదు." ఊపిరి తీసుకున్నాడు. తొందరపడలేదు. "స... స... సగం. మిగతా సగం మూడేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. నా... నాకిష్టం లేదని నువ్వు ఆగకూడదు. వె... వెళ్ళు. నేనొచ్చి దింపుతా. తొమ్మిది గంటల ప్ర... ప్రయాణం. నీతో మాట్లాడాల్సింది చాలా ఉంది. ఆ టైము స... సరిపోతుంది."

బుల్లి ఒక్క అంగలో వచ్చి తండ్రిని పట్టుకుని భోరుమంది. "నువ్వు నన్ను ఆపేశావనుకున్నా నాన్నా. మూడేళ్ళు నీ మీద కోపంగా ఉన్నా," అంది వెక్కుతూ. ఆయన ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాడు. ఇంక చెప్పడానికేమీ లేదు. చెప్పాల్సింది పూర్తిగా చెప్పేశాడు.

టైలరమ్మ స్టూలు మీద కదలకుండా కూర్చుంది. ఇరవైమూడేళ్ళుగా ఆయన మాట తన నోట్లోనే ఉందనుకుంది. ఉన్నది సగమే. మిగతా సగాలన్నీ ఏమైపోయాయో! ఎన్ని తలూపుల కింద ఎన్ని మాటలు పడి ఉన్నాయో! అడగాలంటే ఇంకో ఇరవైమూడేళ్ళు కావాలి.

నెమ్మదయ్య ఆమె దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. "తీ... తీసెయ్ ఇంక. నీ వంతు."

ఆమె మూడు సూదులూ ఒక్కొక్కటే తీసి ఆయన అరచేతిలో పెట్టింది. నోరు తెరిచింది.

"న... న... నన్ను..."

ఏడుపు గొంతుకి అడ్డం పడింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆగిపోయింది. క్షమించండి అనాలని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. బుల్లి ఏదో అనబోతే తండ్రి కళ్ళతోనే వద్దన్నాడు.

ఆయన ఆ మాట అందివ్వలేదు. సూదులు జాగ్రత్తగా దిండుకి గుచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆమె ఎదురుగా కూర్చున్నాడు.